స్టాఫ్ ఆల్ఫా టాక్సిన్‌ను యాంటీబాడీతో పట్టుకోవడం: వెస్టర్న్ బ్లాట్ మొదటి నుంచి చివరిదాకా

పీహెచ్‌డీ రెండో ఏట నేను ఒక డాట్ బ్లాట్ (శాంపిల్ చుక్కను పొర మీద వేసి యాంటీబాడీతో వెతికే పరీక్ష) చేసి ల్యాబ్ మీటింగ్‌లో గర్వంగా చూపించాను. స్టాఫిలోకాకస్ ఆరియస్ (పొట్టిగా స్టాఫ్) అనే బ్యాక్టీరియా మామూలు స్ట్రెయిన్ పక్కన ఏజీఆర్ మ్యూటెంట్, అంటే ఏజీఆర్ అనే వ్యవస్థ పోయిన రకం, పెట్టాను. మ్యూటెంట్‌లో, ఎర్రరక్తకణాలను కరిగించే ఆల్ఫా టాక్సిన్ చుక్క మూడింతలు నల్లగా వచ్చింది. ఏజీఆర్ పోతే టాక్సిన్ తగ్గాలని పుస్తకాలు చెబుతాయి. నాకు పెరిగింది! కొత్త విషయం దొరికిందని రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మా గైడ్ ఒక్కటే అడిగారు: "మరి కుందేలు రక్తం ప్లేటు మీద ఈ మ్యూటెంట్ చుట్టూ రక్తం కరిగిన వలయం ఎందుకు లేదమ్మా?"

జవాబు లేదు. ఎందుకంటే నేను చూసింది ఆల్ఫా టాక్సిన్ కాదు, ప్రొటీన్ ఏ.

స్టాఫ్ మీద యాంటీబాడీతో పనిచేసేవాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఈ గోతిలో పడతారు. వెస్టర్న్ బ్లాట్ అంటే ప్రొటీన్లను జెల్‌లో సైజు ప్రకారం విడదీసి, మెంబ్రేన్ అనే పలుచటి పొర మీదకు మార్చి, యాంటీబాడీతో వెతకడం; దొరికిన ప్రొటీన్ ఒక గీతగా, అంటే బ్యాండ్‌గా కనిపిస్తుంది. ఈ మార్గదర్శిలో జెల్ పోయడం, ట్రాన్స్‌ఫర్ చేయడం లాంటివి త్వరగా దాటేస్తాను. ఈ గొయ్యి చుట్టూ ఉన్న అడుగుల దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

ముందు శత్రువు సంగతి

యాంటీబాడీకి రెండు చేతులు, ఒక కాలు ఉన్నాయనుకోండి. చేతులతో తనకు కావలసిన ప్రొటీన్‌ను పట్టుకోవాలి. స్టాఫ్ గోడ మీద ఉండే ప్రొటీన్ ఏ మాత్రం ఎదురొచ్చి యాంటీబాడీ కాలు పట్టుకుంటుంది. ఆ యాంటీబాడీ దేనికోసం తయారైందన్నది దానికి అనవసరం. ఇలా పట్టుకునే భాగాలు ఒక్కో ప్రొటీన్ ఏలో ఐదు ఉంటాయి. శరీరంలో ఇది బ్యాక్టీరియాకు రక్షణ, ఎందుకంటే కాలు చిక్కుకున్న యాంటీబాడీని తెల్లరక్తకణం గుర్తుపట్టలేదు. మన బ్లాట్ మీద మాత్రం అదే ఒక దొంగ బ్యాండ్. శాంపిల్‌ను, ప్రొటీన్ మడతలు విప్పే డిటర్జెంట్ ఎస్‌డీఎస్‌లో మరిగించినా లాభం లేదు. మెంబ్రేన్ మీదకు చేరాక ప్రొటీన్ ఏ మళ్లీ మడతపడి తన పని తాను చేసుకుంటుంది. ఇదే గుణాన్ని వాడుకుని మనం యాంటీబాడీలను శుద్ధి చేసే కాలమ్‌లు తయారుచేసుకున్నాం. అక్కడ మిత్రుడు, ఇక్కడ శత్రువు.

స్టాఫ్‌లో ఎస్‌బీఐ అనే ఇంకో ప్రొటీన్ కూడా యాంటీబాడీ కాలు పట్టుకుంటుంది. ప్రొటీన్ ఏని తీసేసినా సన్నగా ఒక బ్యాండ్ మిగిలితే దీన్ని అనుమానించండి.

నా డాట్ బ్లాట్ ఎందుకు తిరగబడిందో ఇప్పుడు చెబుతాను. ఏజీఆర్ అంటే బ్యాక్టీరియా గుంపు ఎంత పెరిగిందో పసిగట్టే వ్యవస్థ. గుంపు పెరిగాక ఇది ఆల్ఫా టాక్సిన్‌ను పెంచి, ప్రొటీన్ ఏని తగ్గిస్తుంది. ఏజీఆర్ పోతే టాక్సిన్ పడిపోతుంది, ప్రొటీన్ ఏ పెరుగుతుంది. డాట్ బ్లాట్‌లో సైజు తెలియదు కాబట్టి నాకు కనిపించిన పెరుగుదలంతా ప్రొటీన్ ఏదే. తప్పు అంటే ఫలితం కాస్త మసకబారడమే అనుకుంటాం. ఇక్కడ ఫలితం పూర్తిగా తలకిందులైంది.

ఆల్ఫా టాక్సిన్ గురించి తెలియాల్సినంత

దీని జీన్ పేరు హెచ్ఎల్ఏ. కణం లోపల 319 అమైనో ఆమ్లాలతో తయారై, బయటికి వచ్చేటప్పుడు 26 ఆమ్లాల సిగ్నల్ ముక్క తెగిపోతుంది. మిగిలిన 293 ఆమ్లాల ప్రొటీన్ బరువు సుమారు 33 కిలోడాల్టన్లు. మనిషి కణాల మీద ఏడామ్10 అనే ప్రొటీన్‌ను పట్టుకుని, ఏడు టాక్సిన్లు గుండ్రంగా చేరి పొరకు రంధ్రం చేస్తాయి. 1996లో వచ్చిన స్ఫటిక నిర్మాణంలో ఆ ఏడు స్పష్టంగా కనిపించాయి.

ఈ టాక్సిన్ చరిత్రలో ఒక విషాదం ఉంది. 1928 జనవరిలో ఆస్ట్రేలియాలోని బండబర్గ్ పట్టణంలో డిఫ్తీరియా టీకా వేయించుకున్న పిల్లల్లో 12 మంది చనిపోయారు. టీకా సీసాలో స్టాఫ్ చేరిందని తేలింది. ఆ విచారణలో పనిచేసిన మెక్‌ఫార్లేన్ బర్నెట్ తర్వాత స్టాఫ్ టాక్సిన్ మీద పరిశోధన చేశారు. ఈ పని చేస్తూ గ్లవ్స్ వేసుకోవడానికి బద్ధకం వేసినప్పుడల్లా నాకు ఆ సీసా గుర్తొస్తుంది.

పని అంతా బీఎస్ఎల్-2 (రెండో స్థాయి బయోసేఫ్టీ) గదిలోనే. ఒక్క మాట గుర్తుంచుకోండి: 0.2 మైక్రాన్ ఫిల్టర్ బ్యాక్టీరియాను ఆపుతుంది, టాక్సిన్‌ను ఆపదు. వడకట్టిన ద్రవం శుభ్రమైనదే కదా అని సింక్‌లో పోయకండి, ఆటోక్లేవ్ చేయండి. కాస్త వేడి చేసి వదిలేసినా చాలదు. 60 డిగ్రీల దగ్గర పనితనం పోయినట్టు కనిపించి, ఇంకా వేడెక్కిస్తే కొంత తిరిగి రావడం ఈ టాక్సిన్‌కు ఉన్న పాత వింత. మ్యూటెంట్లు, రీకాంబినెంట్ స్ట్రెయిన్లు వాడుతుంటే మీ సంస్థ బయోసేఫ్టీ కమిటీ అనుమతి ముందే తీసుకోండి. భారత్‌లో 2017 నాటి రీకాంబినెంట్ డీఎన్ఏ నిబంధనల ప్రకారం అది తప్పనిసరి.

అడుగు 1: యాంటీబాడీ కొనకముందే స్ట్రెయిన్లు సమకూర్చుకోండి

చాలామంది యాంటీబాడీ ఆర్డర్ పెట్టి, అది వచ్చాక కంట్రోల్స్ గురించి ఆలోచిస్తారు. నేను మాత్రం స్ట్రెయిన్లు చేతికొచ్చేదాకా కేటలాగే తెరవను. కనీసం మూడు కావాలి: మీ మామూలు స్ట్రెయిన్, అందులోనే హెచ్ఎల్ఏ జీన్ పోయిన మ్యూటెంట్, ప్రొటీన్ ఏ జీన్ అయిన ఎస్‌పీఏ పోయిన మ్యూటెంట్. యూఎస్ఏ300 వంశానికి చెందిన జేఈ2 స్ట్రెయిన్‌లో చేసిన నెబ్రాస్కా ట్రాన్స్‌పోజాన్ లైబ్రరీలో ఈ రెండు మ్యూటెంట్లూ దొరుకుతాయి. రెండు జీన్లూ పోయిన జంట మ్యూటెంట్ తయారుచేసుకోగలిగితే ఇంకా మంచిది. అవేవీ లేనప్పుడు వుడ్ 46 అనే పాత స్ట్రెయిన్ ఆదుకుంటుంది. అది ఆల్ఫా టాక్సిన్ బాగా వదులుతుంది, ప్రొటీన్ ఏ మాత్రం బహు తక్కువ.

ఆస్పత్రి శాంపిళ్లతో పనిచేసేవాళ్లకు ఒక హెచ్చరిక. సీసీ30 వంశంలో చాలా స్ట్రెయిన్లకు హెచ్ఎల్ఏ జీన్ 113వ కోడాన్ దగ్గర స్టాప్ వచ్చేసి ఉంటుంది. బ్యాండ్ రాకపోతే యాంటీబాడీని తిట్టే ముందు జీన్‌ను సీక్వెన్స్ చేయించండి. క్లోనింగ్‌కు అందరూ వాడే ఆర్‌ఎన్4220ని పాజిటివ్ కంట్రోల్‌గా పెట్టకండి. దాని ఏజీఆర్ దెబ్బతిని ఉంటుంది.

అడుగు 2: యాంటీబాడీ ఎంపిక

కేటలాగ్‌లో మొదట చూడాల్సింది ధర కాదు, అది ఏ జంతువు నుంచి వచ్చింది అన్నది. కుందేలు యాంటీబాడీని ప్రొటీన్ ఏ గట్టిగా పట్టుకుంటుంది. ఎలుక (మౌస్) మోనోక్లోనల్, అంటే ఒకే రకం యాంటీబాడీ, అయితే ఉపరకం చూడండి. ఐజీజీ2ఏని బలంగా పట్టుకుంటుంది, ఐజీజీ1తో పట్టు బలహీనం. మేక, గొర్రెల వాటితోనూ పట్టు బలహీనమే. కోడి యాంటీబాడీ అయిన ఐజీవైని అసలు పట్టుకోదు.

అందుకే నా మొదటి ఓటు కోడికే. పచ్చసొన నుంచి తీస్తారు కాబట్టి జంతువును ప్రతిసారీ సూదితో పొడవనక్కర్లేదు కూడా. అది దొరక్కపోతే ఎలుక ఐజీజీ1 మోనోక్లోనల్. కుందేలు పాలిక్లోనల్ (పలు యాంటీబాడీల మిశ్రమం) సిగ్నల్ బలంగా ఇస్తుంది, మార్కెట్లో తేలిగ్గా దొరుకుతుంది. కానీ ఎస్‌పీఏ మ్యూటెంట్ లేకుండా దాన్ని వాడకండి. పైగా కుందేళ్లకు స్టాఫ్ ఇన్ఫెక్షన్లు మామూలే. టీకా ఇవ్వకముందే వాటి రక్తంలో స్టాఫ్ ప్రొటీన్ల మీద యాంటీబాడీలు ఉండొచ్చు. ప్రీ-ఇమ్యూన్ సీరమ్ (టీకాకు ముందు తీసిన సీరమ్) ఇస్తారా అని కంపెనీని అడగండి. ఇస్తే సంతోషం.

కాలు కోసేసి రెండు చేతులే మిగిల్చిన ముక్కలు, అంటే ఎఫ్ఏబీ2 రకం, చాలావరకు సమస్యను తీరుస్తాయి. పూర్తిగా అని చెప్పను. వీహెచ్3 కుటుంబానికి చెందిన కొన్ని యాంటీబాడీలను ప్రొటీన్ ఏ చేతి దగ్గర కూడా పట్టుకోగలదు.

సెకండరీని మర్చిపోకండి! టాక్సిన్‌ను పట్టుకునేది ప్రైమరీ, ఆ ప్రైమరీని పట్టుకుని సిగ్నల్ ఇచ్చేది సెకండరీ. కోడి ప్రైమరీ కొని, దానిమీద కుందేలులో తయారైన సెకండరీ వేస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. సెకండరీకీ కాలుంది. మేక లేదా గాడిద నుంచి వచ్చిన ఎఫ్ఏబీ2 సెకండరీ తీసుకోండి.

వచ్చిన రోజే 10 లేదా 20 మైక్రోలీటర్ల చొప్పున పంచి -20లో పెట్టండి. దానంతటదే మంచు కరిగించుకునే ఇంటి రకం ఫ్రీజర్ పనికిరాదు, ఎందుకంటే అందులో ఉష్ణోగ్రత రోజూ ఎక్కి దిగుతుంది. విదేశాల నుంచి తెప్పించే యాంటీబాడీ వేసవిలో కస్టమ్స్ దగ్గర ఆగితే ఐస్ ప్యాక్ నీళ్లయి వస్తుంది. అది పెట్టె తెరిచిన నిమిషంలో ఫొటో తీసుకోవాల్సిన సందర్భం. యాంటీబాడీ పాడైపోయిందని అప్పుడే తేల్చేయకండి, చాలావరకు తట్టుకుంటాయి. పాత లాట్‌తో పక్కపక్కన పరీక్షించి చూడండి. లాట్ నంబర్ నోట్‌బుక్‌లో రాయండి. పాలిక్లోనల్ అయితే లాట్ మారితే యాంటీబాడీ మారినట్టే. ఒక చిన్న సంగతి: సోడియం అజైడ్ కలిపిన బఫర్‌లో హెచ్ఆర్‌పీ అనే ఎంజైమ్ తగిలించిన సెకండరీని కలపకండి. అజైడ్ ఆ ఎంజైమ్‌ను చంపేస్తుంది.

అడుగు 3: కల్చర్

టీఎస్‌బీ అనే పోషక ద్రవంలో ఓవర్‌నైట్ కల్చర్ పెంచి, మర్నాడు ఓడీ (కల్చర్ ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె) 0.05కి పలుచన చేసి, 37 డిగ్రీల దగ్గర 200 ఆర్‌పీఎమ్‌లో తిప్పండి. ఫ్లాస్క్‌లో ఐదో వంతుకు మించి ద్రవం పోయకండి, గాలి ఆడాలి. 2, 4, 6, 8 గంటలకు, ఆపైన ఓవర్‌నైట్‌కు శాంపిల్ తీయండి. మొదటి గంటల్లో ప్రొటీన్ ఏ ఎక్కువ, తర్వాత టాక్సిన్ ఎక్కువ. ఒక్క సమయమే ఎంచుకోవాలంటే ఎదుగుదల నెమ్మదించిన తర్వాతది తీసుకోండి.

ఓడీ కొలిచేటప్పుడు 0.5 దగ్గరికి వచ్చేలా పలుచన చేసి కొలవండి. ఓడీ 6 ఉన్న కల్చర్‌ను నేరుగా పెడితే మెషీన్ ఏదో ఒక అంకె చూపిస్తుంది, అది నమ్మదగింది కాదు.

అడుగు 4: సూపర్‌నాటెంట్

4 డిగ్రీల దగ్గర 5000 జీలో 15 నిమిషాలు తిప్పి, పై ద్రవాన్ని, అంటే సూపర్‌నాటెంట్‌ను, ప్రొటీన్ అంటుకోని రకం 0.2 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టండి. స్టాఫ్ ప్రొటీన్లను కొరికే తన ప్రొటియేజ్‌లను కూడా ఇదే ద్రవంలోకి వదులుతుంది కాబట్టి మొత్తం మంచులోనే ఉంచండి, వాటిని ఆపే ఇన్‌హిబిటర్ కలపండి.

ఎంత లోడ్ చేయాలన్నది ఇక్కడ కాస్త తలనొప్పి. టీఎస్‌బీ నిండా పెప్టైడ్లే, అందుకే ప్రొటీన్ మొత్తాన్ని కొలిచే బీసీఏ పరీక్ష ఇచ్చే అంకెలో సగం కథ మీడియందే. యాక్టిన్ లాంటి లోడింగ్ కంట్రోల్ బయటికి వదిలే ప్రొటీన్లకు లేదు. నేను చేసేది ఇది: ఓడీ ఎక్కువగా ఉన్న కల్చర్ల సూపర్‌నాటెంట్‌ను తాజా టీఎస్‌బీతో పలుచన చేసి అన్నిటినీ ఒకే ఓడీకి సమం చేస్తాను. తర్వాత ప్రతి ట్యూబులో తెలిసిన మోతాదులో బీఎస్ఏ అనే ఆవు ప్రొటీన్ కలుపుతాను. చివర్లో మెంబ్రేన్ మీది ప్రొటీన్లన్నిటికీ రంగు వేసే పాన్సో మరకలో ఆ 66 కిలోడాల్టన్ల గీత అన్ని లేన్లలో సమంగా ఉంటే, మధ్యలో ఏ ట్యూబులోనూ ప్రొటీన్ పోలేదని ధైర్యం.

గాఢత పెంచడానికి ప్రొటీన్లను అడుగుకు దింపే టీసీఏ ఆమ్లం చాలు. చివరికి 10 శాతం వచ్చేలా కలిపి, మంచులో కనీసం 30 నిమిషాలు ఉంచి, 15,000 జీలో తిప్పండి. అడుగున మిగిలేది కంటికి ఆనదు. ట్యూబును రోటర్‌లో పెట్టేటప్పుడే బయటి గోడ మీద గుర్తు పెట్టుకోండి, పెల్లెట్ అక్కడే ఉంటుంది. చల్లటి అసిటోన్‌తో రెండుసార్లు కడిగి, మరీ ఎండిపోకముందే శాంపిల్ బఫర్‌లో కలపండి. బఫర్ నీలం నుంచి పసుపుకు మారితే కంగారొద్దు, టీసీఏ ఇంకా మిగిలి ఉందని అర్థం. 1.5 మోలార్ ట్రిస్, పీహెచ్ 8.8ది, ఒక మైక్రోలీటరు చొప్పున వేస్తూ పోతే మళ్లీ నీలం వస్తుంది.

కణాల లోపల చూడాలనుకుంటే గోడ కరిగించే ఎంజైమ్ లైసోజైమ్ పనిచేయదు, స్టాఫ్ గోడ దానికి లొంగదు. లైసోస్టాఫిన్ కావాలి. అలా కణాలు పగిలి వచ్చిన ద్రవంలో, అంటే లైసేట్‌లో, ప్రొటీన్ ఏ దండిగా ఉంటుందని తెలిసే దిగండి.

అడుగు 5: జెల్, ట్రాన్స్‌ఫర్

12 శాతం జెల్. 95 డిగ్రీల దగ్గర 5 నుంచి 10 నిమిషాలు మరిగించండి. ఒక్కటే మినహాయింపు: మనిషి కణాల పొరలో చేరిన ఏడింటి గుంపును చూడాలంటే మరిగించకూడదు. ఆ గుంపు ఎస్‌డీఎస్‌ను తట్టుకుని జెల్ పైభాగంలో పెద్ద బ్యాండ్‌గా నిలుస్తుంది, మరిగిస్తే విడిపోతుంది. అదే శాంపిల్‌ను మరిగించి ఒకటి, మరిగించకుండా ఒకటి పక్కపక్కన వేస్తే చూడముచ్చటగా ఉంటుంది.

ఒకే జెల్ మీద శుద్ధి చేసిన టాక్సిన్ 2, 5, 10, 25, 50 నానోగ్రాములు కూడా వేయండి. హిస్ ట్యాగ్ ఉన్న రీకాంబినెంట్ అయితే కాస్త పైన కనిపిస్తుంది. ట్రాన్స్‌ఫర్‌కు 0.2 మైక్రాన్ పీవీడీఎఫ్ మెంబ్రేన్, మెథనాల్‌లో తడిపి, చల్లగా 100 వోల్టులు, ఒక గంట. పాన్సో వేసి ఫొటో తీయండి.

అడుగు 6: బ్లాకింగ్, అసలు మెలిక

టీబీఎస్-ట్వీన్ బఫర్‌లో 5 శాతం పాలపొడి మెంబ్రేన్ ఖాళీలను నింపుతుంది కానీ ప్రొటీన్ ఏ నోరు మూయించలేదు. అందుకని ముందే వేరే యాంటీబాడీ పోసి ప్రొటీన్ ఏకు ఉన్న ఆ ఐదు పట్టుకునే భాగాలూ నింపేయాలన్నది పాత చిట్కా. ఆలోచన సరైనదే, పాటించేటప్పుడే జారిపడతాం. కుందేలు సీరమ్‌తో నింపి, పైన కుందేలు మీద పనిచేసే సెకండరీ వేస్తే మెంబ్రేన్ దీపావళిలా వెలిగిపోతుంది. సరే అని మనిషి ఐజీజీ పోస్తే ఇంకో చిక్కు. మనలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు స్టాఫ్ తగిలే ఉంటుంది, రక్తంలో ఆల్ఫా టాక్సిన్ మీద యాంటీబాడీలు ఉంటాయి. అవి వెళ్లి మనకు కావలసిన ప్రొటీన్‌నే కప్పేస్తాయి. ఇందుకు సరిపోయేది మనిషి ఐజీజీ నుంచి వేరుచేసిన కాలి ముక్క ఒక్కటే, అంటే ఎఫ్‌సీ భాగం. పాలపొడి తర్వాత దాన్ని ఒక గంట ఉంచండి. అప్పుడు సెకండరీ మనిషి ఐజీజీని గుర్తించని రకమై ఉండాలి.

అడుగు 7: యాంటీబాడీ పలుచన, కంట్రోల్ స్ట్రిప్‌లు

డేటాషీట్‌లో 1:1000 అని ఉంటే అది కంపెనీ తన శాంపిల్‌తో చూసుకున్న మాట. 1:500 నుంచి 1:10,000 దాకా మీరే పరీక్షించండి. సిగ్నల్ ఎంత బలంగా ఉందని కాదు, హెచ్ఎల్ఏ మ్యూటెంట్ లేన్ ఖాళీగా ఉంటూ 5 నానోగ్రాముల గీత కనిపించే పలుచన ఏదో చూసి అది ఎంచుకోండి. ప్రైమరీ 4 డిగ్రీల దగ్గర రాత్రంతా, టీబీఎస్-ట్వీన్‌తో పది నిమిషాల చొప్పున మూడు కడుగుళ్లు, సెకండరీ ఒక గంట, మళ్లీ మూడు కడుగుళ్లు.

మొదటి ప్రయోగంలో మెంబ్రేన్‌ను మూడు స్ట్రిప్‌లుగా కోసి, ప్రతి దానిలో అవే లేన్లు ఉండేలా చూసుకోండి. ఒకదానికి ప్రైమరీ, సెకండరీ రెండూ. రెండో దానికి సెకండరీ మాత్రమే. మూడోదానికి అదే జంతువు నుంచి వచ్చిన, స్టాఫ్‌తో సంబంధం లేని యాంటీబాడీ, ఆపైన సెకండరీ. రెండో స్ట్రిప్‌లో లేకుండా మూడో స్ట్రిప్‌లో బ్యాండ్ వస్తే అది దాదాపుగా కాలు పట్టుకున్న బ్యాండే. ఈ స్ట్రిప్ ఒక్కటి నా దగ్గర ఉండుంటే ఆ రెండు రాత్రులూ హాయిగా నిద్రపోయేదాన్ని.

పాలిక్లోనల్‌లో అక్కర్లేని యాంటీబాడీలను తీసేయడానికి దాన్ని హెచ్ఎల్ఏ మ్యూటెంట్ కణాలతో కలిపి ఉంచడం మరో పద్ధతి. ఆ కణాల మీద ప్రొటీన్ ఏ ఉంటే మంచీ చెడూ చూడకుండా యాంటీబాడీలన్నిటినీ లాగేసుకుంటుంది, మీకు ఖాళీ బఫర్ మిగులుతుంది. జంట మ్యూటెంట్ అక్కరకొచ్చేది ఇక్కడే.

అడుగు 8: బ్యాండ్లు చదవడం

33 దగ్గర, మామూలు స్ట్రెయిన్‌లో ఉండి హెచ్ఎల్ఏ మ్యూటెంట్‌లో లేనిది: అదే మీది. 42 నుంచి 55 మధ్య, హెచ్ఎల్ఏ మ్యూటెంట్‌లో కూడా ఉండి ఎస్‌పీఏ మ్యూటెంట్‌లో మాయమయ్యేది ప్రొటీన్ ఏ. కణాల లైసేట్‌లో 33కి కాస్త పైన కనిపించేది సిగ్నల్ ముక్క ఇంకా తెగని రూపం కావచ్చు. 33కి దిగువన ముక్కలు ముక్కలుగా వస్తే ప్రొటియేజ్‌లు కొరికినట్టు. సార్‌ఏ అనే నియంత్రణ జీన్ పోయిన మ్యూటెంట్లలో ఇది బాగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ ప్రొటియేజ్‌లు పెచ్చుమీరతాయి. అలాంటి చోట టాక్సిన్ తగ్గిందంటే తయారీ తగ్గిందనుకోకండి, తయారయ్యాక తెగిపోయి ఉండొచ్చు. ఆర్‌ఎన్ఏ కూడా కొలిస్తేనే తేలుతుంది.

బ్యాండ్ మధ్యలో తెల్లగా బోలుగా కనిపిస్తే సిగ్నల్ మితిమీరి, సెకండరీకి తగిలించిన ఎంజైమ్ వెలుగునిచ్చే రసాయనాన్ని తినేసిందన్నమాట. అలాంటి ఫొటోతో కొలతలు తీయకండి. శుద్ధి చేసిన టాక్సిన్ వేసిన ప్రామాణిక లేన్లు సరళరేఖలో ఉన్న ఎక్స్‌పోజర్‌నే తీసుకోండి.

ఫలితాన్ని వేరే దారిలో తాకి చూడండి: వడకట్టిన సూపర్‌నాటెంట్‌ను పలుచన చేస్తూ కుందేలు ఎర్రకణాలతో కలపండి. మనిషి కణాల కంటే అవి ఈ టాక్సిన్‌కు వెయ్యి రెట్లకు పైగా సున్నితం. గొర్రె రక్తం వద్దు, అక్కడ బీటా టాక్సిన్ కూడా వచ్చి గందరగోళం చేస్తుంది. బ్లాట్ ఒకటి, రక్తం ఇంకొకటి చెబితే నేను రక్తాన్నే నమ్ముతాను.

ఇన్ఫెక్షన్ అయిన కణజాలం నుంచి తీసేటప్పుడు

ఎలుక ఊపిరితిత్తి రుబ్బితే అందులో ఎలుక సొంత యాంటీబాడీలు ఉంటాయి. ఎలుక మోనోక్లోనల్ వాడితే సెకండరీ వాటినీ పట్టుకుని 50, 25 దగ్గర గీతలు చూపిస్తుంది. 25, 33 గీతలు చిన్న జెల్ మీద దగ్గరదగ్గరగా వస్తాయి కాబట్టి జెల్‌ను ఇంకాస్త సేపు నడపండి, లేదా ఇక్కడ కూడా కోడి యాంటీబాడీకి మారండి. ఇన్ఫెక్షన్ లేని ఎలుక ఊపిరితిత్తిలో తెలిసినంత టాక్సిన్ కలిపిన శాంపిల్ ఒకటి పక్కన నడిపితే, కణజాలం వల్ల ఎంత సిగ్నల్ పోతోందో తెలుస్తుంది.

టాక్సిన్ మరీ తక్కువుండి శాండ్‌విచ్ ఎలైజాకు వెళ్లేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ప్లేటు మీద ఒక యాంటీబాడీ, పైన గుర్తించే యాంటీబాడీ, మధ్యలో టాక్సిన్ ఉండాలి. శాంపిల్‌లో ప్రొటీన్ ఏ ఉంటే ఒక చేత్తో కింది దాని కాలు, ఇంకో చేత్తో పైదాని కాలు పట్టుకుని టాక్సిన్ చుక్క లేకుండానే రంగు తెప్పిస్తుంది. సైజు కనిపించదు కాబట్టి ఎలైజాలో దాన్ని కళ్లతో పట్టుకునే వీలు లేదు. హెచ్ఎల్ఏ మ్యూటెంట్‌తో ఇన్ఫెక్ట్ చేసిన ఎలుకల శాంపిల్ ప్రతి ప్లేటులో కనీసం రెండు గుంతల్లో పెట్టండి. ఆ గుంతలకు రంగు వస్తే ఆ ప్లేటు అంకెలు పక్కన పెట్టేయండి.